అమెరికా నర్సింగ్ పీజీ లోన్లు: 'ప్రొఫెషనల్ డిగ్రీ' లిస్టులో నర్సింగ్ లేదు.. ఎవరికి నష్టం? ఎంత తేడా?

అమెరికాలో ఉన్న మీ అమ్మాయో, చెల్లెలో, మేనకోడలో నర్సింగ్‌లో పైచదువుకు రెడీ అవుతోందా? అయితే 2026 జూలై 1 అనే తేదీ గుర్తు పెట్టుకోండి. ఆ రోజు నుంచి అక్కడ పీజీ చదువులకు ప్రభుత్వం ఇచ్చే అప్పు లెక్క మొత్తం మారిపోతోంది. డాక్టర్, లాయర్, డెంటిస్ట్ చదువులకు ఒక లిమిట్. మిగతా పీజీలకు ఏడాదికి అందులో సగానికన్నా తక్కువ లిమిట్. నర్సింగ్‌ను ఈ రెండో వరుసలో కూర్చోబెట్టారు. గొడవంతా ఇక్కడే మొదలైంది.

2025 నవంబర్‌లో ఈ వార్త బయటకు రాగానే సోషల్ మీడియాలో రకరకాలుగా తిరిగింది. 'నర్సింగ్ ప్రొఫెషన్ కాదట', 'నర్సింగ్ డిగ్రీకి విలువ తీసేశారట' అంటూ పోస్టులు పెట్టారు. ముందుగా ఇది క్లియర్ చేసుకుందాం. నర్సు లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రాల నర్సింగ్ బోర్డులు. ఉద్యోగం ఇచ్చేది ఆసుపత్రులు. ఆ రెండూ ఎప్పటిలాగే ఉంటాయి. వీసాకు, గ్రీన్‌కార్డుకు కూడా ఈ మాటతో సంబంధం లేదు. ఇక్కడ 'ప్రొఫెషనల్ డిగ్రీ' అనేది లోన్ లిమిట్ లెక్క కట్టడానికి విద్యాశాఖ వాడే పదం, అంతే. విద్యాశాఖ కూడా ఇదే మాట చెప్పింది.. నర్సింగ్ విలువ మీద ఇది తీర్పు కాదని. సరే, బాగానే ఉంది. కానీ ఆ పదం వెనకాల ఉన్నది డబ్బు. అది చిన్న మొత్తమేమీ కాదు.

ఇప్పటిదాకా ఎలా ఉండేది?

మన దగ్గర ఎడ్యుకేషన్ లోన్ అంటే బ్యాంకు, నాన్నగారి సంతకం, మొత్తం పెద్దదైతే ఇంటి కాగితాలో పొలం పాస్‌బుక్కో గుర్తొస్తాయి. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ విద్యార్థులకు అప్పిచ్చేది ప్రధానంగా కేంద్ర ప్రభుత్వమే. తాకట్టు ఉండదు. 'ఫాఫ్సా' అనే ఫారం నింపితే చాలు, కాలేజీ ద్వారా లోన్ శాంక్షన్ అవుతుంది. వడ్డీ రేటు అందరికీ ఒకటే, తీర్చేదాకా మారదు.

పీజీ విద్యార్థులకు ఇందులో రెండు పొరలు ఉండేవి. మొదటిది 'డైరెక్ట్ అన్‌సబ్సిడైజ్డ్' లోన్, ఏడాదికి 20,500 డాలర్ల వరకు. అది చాలకపోతే 'గ్రాడ్ ప్లస్' అనే రెండో లోన్. 2006 జూలై నుంచి నడుస్తున్న పథకం ఇది. దీని ప్రత్యేకత ఏంటంటే.. పైన కప్పు లేదు. కాలేజీ ఫీజు, పుస్తకాలు, ఇంటద్దె, తిండి అన్నీ కలిపి కాలేజీ ఎంత ఖర్చు చూపిస్తే, వేరే సాయం పోగా మిగిలినదంతా అప్పుగా ఇచ్చేవాళ్లు. 2025-26 విద్యా సంవత్సరానికి మొదటి లోన్ వడ్డీ 7.94 శాతం, గ్రాడ్ ప్లస్ వడ్డీ 8.94 శాతం. తక్కువేం కాదు. పైగా గ్రాడ్ ప్లస్‌లో ఇచ్చేటప్పుడే 4 శాతానికి పైగా ఫీజు కోసుకుంటారు. అయినా ఒక సౌకర్యం ఉండేది.. పేదింటి పిల్ల అయినా, సంతకం పెట్టే తండ్రి లేకపోయినా, పాత అప్పులు ఎగ్గొట్టిన రికార్డు లేకపోతే డబ్బు దొరికేది.

ఈ కప్పు లేని అప్పు మీద విమర్శలూ పాతవే. ప్రభుత్వం ఎంతడిగితే అంత ఇస్తుంటే కాలేజీలు ఫీజులు ఎందుకు తగ్గిస్తాయి? 1987లో అప్పటి విద్యామంత్రి విలియం బెన్నెట్ న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసంలో ఇదే వాదించారు. అప్పటి నుంచి ఆ వాదనకు ఆయన పేరే స్థిరపడింది. మన ఇంజనీరింగ్ కాలేజీలు, ఫీజు రీయింబర్స్‌మెంట్ చర్చ ఫాలో అయినవాళ్లకు ఈ లాజిక్ కొత్తగా అనిపించదు.

కొత్త చట్టం ఏం చేసింది?

2025 జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన 'వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్' గ్రాడ్ ప్లస్‌ను కొత్తవాళ్లకు మూసేసింది. 2026 జూలై 1 నుంచి పీజీ విద్యార్థులు రెండు రకాలు.

'గ్రాడ్యుయేట్' విద్యార్థి అయితే ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం కలిపి లక్ష డాలర్లు. 'ప్రొఫెషనల్' విద్యార్థి అయితే ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్లు. వీటన్నిటి మీద జీవితకాల లిమిట్ ఇంకోటి పెట్టారు.. డిగ్రీ నుంచి డాక్టరేట్ దాకా ఒక మనిషి తీసుకోగలిగే ఫెడరల్ అప్పు 2,57,500 డాలర్లు. ఈ జీవితకాల లెక్కలో, తిరిగి కట్టేసిన పాత అప్పు కూడా వాడేసినట్టే. కట్టేశాను కదా, మళ్లీ తీసుకుంటా అంటే కుదరదు.

ఇంకో రూల్ ఉంది. దీని గురించి టీవీ చర్చల్లో పెద్దగా ఎవరూ మాట్లాడట్లేదు గానీ నర్సులకు ఇది నేరుగా తగులుతుంది. ఫుల్ టైమ్ చదవకపోతే లోన్ లిమిట్ కూడా ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. వారానికి మూడు రోజులు పన్నెండు గంటల షిఫ్టులు చేసుకుంటూ సగం క్రెడిట్లతో చదివే నర్సుకు 20,500 కాస్తా 10,250 అవుతుంది. ఉద్యోగం చేస్తూ చదవడం నర్సింగ్ పీజీలో చాలా మామూలు విషయం. మెడిసిన్‌లోనో, లా చదువులోనో అంత మామూలు కాదు.

మరి ఎవరు 'ప్రొఫెషనల్'?

చట్టం కొత్తగా నిర్వచనం రాయలేదు. విద్యాశాఖ పాత నిబంధనల్లో ఉన్న నిర్వచనాన్నే చూపించి, దాన్నే వాడుకోమంది. ఆ నిర్వచనం దశాబ్దాల నాటిది. ఒక వృత్తి మొదలుపెట్టడానికి కావాల్సిన చదువు పూర్తయిందని చెప్పే డిగ్రీ, మామూలు బ్యాచిలర్స్‌కు మించిన నైపుణ్యం, సాధారణంగా లైసెన్స్ కూడా ఉండాలి.. ఇదీ దాని సారం. కింద పది ఉదాహరణలు ఇచ్చారు: ఫార్మసీ, డెంటిస్ట్రీ, పశువైద్యం, కైరోప్రాక్టిక్, లా, మెడిసిన్, ఆప్టోమెట్రీ, ఆస్టియోపతి, పాదాల వైద్యం, థియాలజీ.

అవును, చివరిది మత శాస్త్రమే. చర్చి పాస్టర్ల చదువుకు 50,000 డాలర్ల లిమిట్ వస్తుంది. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చే నర్సుకు రాదు. నర్సుల సంఘాలు ఎక్కువగా ఎత్తి చూపుతున్న పోలిక ఇదే. వినగానే తగిలే మాటే గానీ, అసలు వాదన ఇది కాదు.

అసలు వాదన ఆ లిస్టు ముందున్న చిన్న మాట మీద. 'వీటికే పరిమితం కాకుండా' ఉదాహరణలు అని ఉంది అక్కడ. అంటే లిస్టు తెరిచే ఉంది, ఇంకా చేర్చొచ్చు. నర్సింగ్ సంఘాలు పట్టుకున్నది ఈ మాటనే. కానీ చట్టం అమలుకు రూల్స్ రాయడానికి విద్యాశాఖ వేసిన 'రైజ్' కమిటీ నవంబర్ మొదటి వారంలో ఒప్పుకున్న ముసాయిదాలో ఆ తలుపు దాదాపు మూసేశారు. పాత పదికి క్లినికల్ సైకాలజీ ఒక్కటి కలిపారు. మొత్తం పదకొండు. కొత్తగా ఏ కోర్సైనా లోపలికి రావాలంటే సాధారణంగా డాక్టరేట్ స్థాయిలో ఉండాలి, ఇంటర్ తర్వాత మొత్తం ఆరేళ్ల చదువు ఉండాలి, అందులో కనీసం రెండేళ్లు డిగ్రీ తర్వాతవి అయి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, కోర్సు కోడ్ ఆ పదకొండింటి గ్రూపుల్లో ఏదో ఒకదాని కింద ఉండాలి.

ఈ కోడ్ సంగతేంటంటే.. అమెరికాలో ప్రతి కోర్సుకూ ప్రభుత్వ లెక్కల కోసం 'సీఐపీ' అనే నంబర్ ఉంటుంది. మెడిసిన్ 51.12, ఫార్మసీ 51.20, నర్సింగ్ 51.38. డాక్టరేట్ ఉన్నా, లైసెన్స్ ఉన్నా, నంబర్ కలవకపోతే లోపలికి ఎంట్రీ లేదు. ఒక్క నర్సింగే కాదు.. ఫిజియోథెరపీ, ఫిజీషియన్ అసిస్టెంట్, ఆడియాలజీ, పబ్లిక్ హెల్త్, సోషల్ వర్క్, ఆర్కిటెక్చర్, అకౌంటింగ్ కూడా బయటే ఉండిపోయాయి.

నర్సింగ్‌ను కలపకపోవడానికి ఒక లాజిక్ ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతోనో, నాలుగేళ్ల బీఎస్సీతోనో రిజిస్టర్డ్ నర్సు కావొచ్చు. కాబట్టి 'వృత్తి మొదలుపెట్టడానికి' పీజీ అక్కర్లేదు. విద్యాశాఖ చెప్పేది కూడా ఇదే.. నర్సుల్లో దాదాపు 80 శాతం మందికి పీజీ లేదని. అయితే నర్స్ ప్రాక్టీషనర్, మత్తు ఇచ్చే నర్సు, నర్స్ మిడ్‌వైఫ్ వేరే లైసెన్సులు. వార్డు నర్సుకు అవి ప్రమోషన్ లాంటివి కావు. పీజీ లేకుండా ఆ పని మొదలుపెట్టడం చట్టరీత్యా కుదరదు. ఆ పాత లిస్టు రాసే నాటికి నర్సింగ్‌లో ఇప్పుడున్న ప్రాక్టీస్ డాక్టరేట్, అంటే డీఎన్‌పీ, లేదు. నర్సింగ్ కాలేజీల జాతీయ సంఘం ఆ డిగ్రీ వైపు వెళ్లాలని తీర్మానించిందే 2004లో. చదువు మారింది.. లిస్టు మారలేదు.

'లక్ష డాలర్లు' అంటారు.. చేతికొచ్చేది 61,500

అందరూ లక్ష డాలర్ల లిమిట్ గురించే మాట్లాడుతున్నారు. నిజానికి నర్సింగ్ విద్యార్థిని ఆపేది ఆ లక్ష కాదు. ఏడాది లిమిట్.

మత్తు ఇచ్చే నర్సు కోర్సు తీసుకుందాం. అమెరికాలో వీళ్లను సీఆర్‌ఎన్‌ఏ అంటారు. 2022 జనవరి నుంచి ఈ కోర్సులో కొత్తగా చేరేవాళ్లంతా డాక్టరేట్ చేయాల్సిందే, మాస్టర్స్ చాలదు. మామూలుగా మూడేళ్లు. చేరే ముందు కనీసం ఏడాది ఐసీయూ లాంటి చోట పనిచేసిన అనుభవం ఉండాలి. కోర్సులో కనీసం 2,000 క్లినికల్ గంటలు. ఈ మూడేళ్లూ బయట ఉద్యోగం చేయడం దాదాపు కుదరదు, చాలా కాలేజీలు వద్దనే చెబుతాయి. అంటే జీతం ఆగిపోతుంది, అద్దె ఆగదు.

లెక్క కోసం ఫీజు, బతుకుదెరువు ఖర్చు కలిపి ఏడాదికి 60,000 డాలర్లు అనుకుందాం. మూడేళ్లకు 1,80,000. 'గ్రాడ్యుయేట్' వరుసలో ఉంటే ఏడాదికి 20,500 చొప్పున మూడేళ్లకు వచ్చేది 61,500. మిగిలిన 1,18,500 సొంతంగా చూసుకోవాలి. అదే 'ప్రొఫెషనల్' వరుసలో ఉంటే మూడేళ్లకు 1,50,000 వచ్చేది, తక్కువ పడేది 30,000. లక్ష డాలర్ల లిమిట్ తాకాలంటే దాదాపు ఐదేళ్లు ఫుల్ టైమ్ చదవాలి. మూడేళ్ల కోర్సువాళ్లు ఆ లక్షను అందుకునే అవకాశమే లేదు. పేపర్ మీద లక్ష ఉన్నా, ఖాతాలోకి వచ్చేది అందులో మూడింట రెండొంతులకు లోపే.

'అంత జీతం వస్తుంది కదా, ప్రైవేట్ అప్పు తీసుకోవచ్చు కదా' అనే మాట ఉంది. అదీ నిజమే. అమెరికా కార్మిక శాఖ 2024 లెక్కల్లో రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు, మత్తు నర్సుది 2,23,210 డాలర్లు. ఇంత తేడా ఉంటే ఏ బ్యాంకైనా అప్పు ఇవ్వదా? ఇస్తుంది.. మంచి క్రెడిట్ స్కోరు, పక్కన సంతకం పెట్టే కో-సైనర్ ఉంటే. ఇల్లున్న తల్లిదండ్రులున్న పిల్లకు పెద్ద సమస్య రాదు. తల్లి కూడా ఓ నర్సింగ్ హోమ్‌లో ఆయాగా పనిచేస్తూ పిల్లను చదివించిన ఇంట్లో సమస్య వస్తుంది. లిమిట్ ఇద్దరికీ ఒకటే, దెబ్బ మాత్రం ఒకేలా తగలదు.

95 శాతం మందికి ఇబ్బంది లేదా?

విద్యాశాఖ ముందుకు తెచ్చిన పెద్ద లెక్క ఇది. నర్సింగ్ విద్యార్థుల్లో 95 శాతం మంది ఏడాది లిమిట్‌కు లోపే అప్పు తీసుకుంటున్నారు, కాబట్టి వాళ్ల మీద ప్రభావం ఉండదని.

ఈ లెక్కను అబద్ధం అని తోసేయాల్సిన పని లేదు. ఉద్యోగం చేసుకుంటూ, స్టేట్ యూనివర్సిటీలో ఆన్‌లైన్‌లో మాస్టర్స్ చేసే నర్స్ ప్రాక్టీషనర్‌కు 20,500 డాలర్లు సరిపోవచ్చు. చాలామందికి ఆసుపత్రి కూడా కొంత ఫీజు కడుతుంది. ఏడాదికి 5,250 డాలర్ల వరకు అలా కట్టిన దానికి పన్ను కూడా ఉండదు. మన తెలుగు కుటుంబాల్లో నర్స్ ప్రాక్టీషనర్ చదివే అమ్మాయి ఈ కోవలో ఉంటే కంగారు పడాల్సిందేమీ లేదు.

మిగిలిన 5 శాతంలో ఎవరుంటారు అన్నదే అసలు ప్రశ్న. ఫుల్ టైమ్, ఖరీదైన, ఉద్యోగం చేసే వీలు లేని కోర్సుల్లో ఉన్నవాళ్లకే అప్పు ఎక్కువ పడుతుంది. మత్తు నర్సులు ఆ కోవలో ముందుంటారు. అమెరికా పల్లె ఆసుపత్రుల్లో మత్తు డాక్టర్ దొరకడం కష్టం. చాలాచోట్ల కాన్పుకైనా, అపెండిక్స్ ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చేది ఈ నర్సులే. కాబట్టి సంఖ్యలో ఐదు శాతమే కావొచ్చు.. పనిలో మాత్రం అది ఐదు శాతం కాదు. పైగా ఇప్పటి శాతాలు పాత రూల్ కింద, ఫుల్ టైమ్, పార్ట్ టైమ్ తేడా లేకుండా ఒకే లిమిట్ ఉన్నప్పటివి. పార్ట్ టైమ్ కోత మొదలయ్యాక అదే విద్యార్థి లిమిట్‌కు లోపల ఉంటుందా, పైకి వెళ్తుందా అన్నది వేరే లెక్క.

పాఠం చెప్పేవాళ్ల సంగతి

నర్సుల కొరత అంటే అందరూ ఆసుపత్రి వైపు చూస్తారు. అసలు ఇరుకు కాలేజీలో ఉంది. నర్సింగ్ కాలేజీల సంఘం లెక్క ప్రకారం 2023లో అర్హత ఉన్న 65,766 దరఖాస్తులను అమెరికా కాలేజీలు వెనక్కి పంపాయి. పిల్లలు లేక కాదు. చెప్పే టీచర్లు, క్లినికల్ సీట్లు చాలక. టీచర్ కావాలంటే మాస్టర్స్, చాలాచోట్ల డాక్టరేట్ కావాలి. అంత చదివాక వచ్చే జీతం ఎంత? అదే కార్మిక శాఖ లెక్కల్లో నర్సింగ్ టీచర్ల మధ్యస్థ జీతం 80,000 డాలర్లకు కాస్త తక్కువ. అంటే వార్డులో పనిచేసే నర్సు కంటే తక్కువ!

అప్పు చేసి డాక్టరేట్ చదివి, తక్కువ జీతానికి రమ్మంటే వచ్చేవాళ్లే తక్కువ. వాళ్లకు అప్పు కూడా కష్టమైతే? అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ సహా సంఘాలన్నీ గట్టిగా చెబుతున్నది ఈ పాయింటే. మా ఉద్దేశంలో వాళ్ల వాదనల్లో బలమైనది కూడా ఇదే, పాస్టర్లతో పోలిక కంటే.

దీనికి కొంత విరుగుడు ఇప్పటికే ఉంది. టీచర్లుగా వెళ్లేవాళ్ల కోసం 'నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రామ్'.. చదువయ్యాక నాలుగేళ్లు ఫుల్ టైమ్ పాఠం చెబితే ఆ అప్పులో 85 శాతం వరకు మాఫీ. 'నర్స్ కోర్' అని ఇంకోటి. కొరత ఉన్న ఆసుపత్రిలోనో, నర్సింగ్ కాలేజీలోనో రెండేళ్లు పనిచేస్తే చదువు అప్పులో 60 శాతం ప్రభుత్వం కడుతుంది, మూడో ఏడాది ఉంటే మరో 25 శాతం. అయితే నర్స్ కోర్ ఇచ్చే డబ్బు మీద పన్ను పడుతుంది. సెలెక్షన్ కూడా పోటీయే. ఈ పథకాలకు నిధులు ఏటా బడ్జెట్‌లో రావాలి. వస్తే ఉంటాయి.

ఎవరికి పాత రూల్? ఎవరికి కొత్తది?

2026 జూన్ 30 నాటికి కోర్సులో చేరి ఉండి, ఆ కోర్సు కోసం అప్పటికే ఫెడరల్ లోన్ తీసుకుని ఉంటే పాత లిమిట్లే నడుస్తాయి. గ్రాడ్ ప్లస్ కూడా దొరుకుతుంది. ఎంతకాలం? మూడేళ్లు, లేదా కోర్సు పూర్తవడానికి మిగిలిన సమయం.. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకు. మధ్యలో కాలేజీ మారినా, కోర్సు మారినా ఈ మినహాయింపు పోతుంది.

'చేరి ఉండాలి, లోన్ కూడా తీసుకుని ఉండాలి'.. రెండూ కావాలి. మే నెలలో క్లాసులు మొదలై, మొదటి సెమిస్టర్ సొంత డబ్బుతో కట్టుకుని, లోన్ ఆగస్టులో చూద్దాంలే అనుకున్న విద్యార్థికి కొత్త రూలే పడుతుంది. జూన్‌లో చేరి లోన్ తీసుకున్న అమ్మాయికి, ఆగస్టులో అదే కాలేజీలో అదే కోర్సులో చేరిన అమ్మాయికి మధ్య పైన చెప్పిన లెక్కలో లక్ష డాలర్లకు పైగా తేడా రావొచ్చు.

బీఎస్సీ నర్సింగ్, అసోసియేట్ డిగ్రీ విద్యార్థుల లిమిట్లు మారలేదు. కాకపోతే వాళ్ల తల్లిదండ్రులు తీసుకునే 'పేరెంట్ ప్లస్' లోన్‌కు కూడా కప్పు పెట్టారు. ఒక్కో బిడ్డకు ఏడాదికి 20,000, మొత్తం 65,000 డాలర్లు.

తిరిగి కట్టేటప్పుడు..

2026 జూలై 1 తర్వాత తీసుకునే లోన్లకు రెండే దారులు. ఒకటి, అప్పు సైజును బట్టి 10 నుంచి 25 ఏళ్ల వరకు సమాన వాయిదాలు. లక్ష డాలర్లు దాటితే 25 ఏళ్లు. రెండోది 'రాప్' అనే కొత్త ప్లాన్. ఆదాయాన్ని బట్టి 1 నుంచి 10 శాతం కట్టాలి, నెలకు కనీసం 10 డాలర్లు, ఆధారపడ్డ ఒక్కో బిడ్డకు 50 డాలర్లు తగ్గింపు. 30 ఏళ్లు కట్టాక ఏమైనా మిగిలితే మాఫీ. లక్ష డాలర్ల ఆదాయం దాటితే 10 శాతం కాబట్టి, మధ్యస్థ జీతం అందుకునే మత్తు నర్సు నెలకు సుమారు 1,860 డాలర్లు కట్టాల్సి వస్తుంది.

లాభాపేక్ష లేని ఆసుపత్రిలోనో, ప్రభుత్వ ఆసుపత్రిలోనో పనిచేస్తూ 120 వాయిదాలు కడితే మిగతాది మాఫీ చేసే పథకం అలాగే ఉంది. అమెరికాలో చాలా పెద్ద ఆసుపత్రులు ఈ కోవలోకే వస్తాయి. ఇక్కడో మెలిక ఉంది. ఈ మాఫీ ఫెడరల్ లోన్‌కే. లిమిట్ దాటిన భాగాన్ని ప్రైవేట్ లోన్‌లో తీసుకుంటే దానికి మాఫీ లేదు, ఆదాయాన్ని బట్టి వాయిదా లేదు. ఉద్యోగం పోయినా వాయిదా ఆగదు. పైన లెక్కలో ఆ 1,18,500 డాలర్ల భాగం అంతా ఇలాంటిదే కావొచ్చు. అందుకే నర్సుల భయం కేవలం 'ఎంత దొరుకుతుంది' అని కాదు, 'ఎలాంటి అప్పు దొరుకుతుంది' అని కూడా.

మనవాళ్లలో ఎవరికి వర్తిస్తుంది?

ఫెడరల్ లోన్ ప్రధానంగా అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎఫ్-1 వీసా మీద వెళ్లే విద్యార్థికి ఇది మొదటి నుంచీ లేదు, ఇప్పుడు పోయిందీ లేదు. వాళ్ల లోన్ ఇక్కడి బ్యాంకుల్లోనే, తాకట్టు లెక్కలోనే. హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్నవాళ్లకూ ఇది లేదు. భర్త హెచ్-1బీ మీద ఉండగా హెచ్-4 మీద నర్సింగ్ చదువుతున్న తెలుగు ఆడపడుచులు ఈ వార్త చూసి కంగారు పడక్కర్లేదు.

నేరుగా తగిలేది రెండు గ్రూపులకు. అక్కడే పుట్టి పెరిగిన, లేదా గ్రీన్‌కార్డు వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలు ఒకటి. ఇక్కడ జీఎన్‌ఎమ్మో బీఎస్సీ నర్సింగో చేసి, ఎన్‌క్లెక్స్ పాసై, ఈబీ-3 కేటగిరీలో గ్రీన్‌కార్డు మీద వెళ్లిన నర్సులు రెండోది. ఈ దారిలో కేరళ నర్సులే ముందుంటారు గానీ మనవాళ్లూ ఉన్నారు. వెళ్లాక కొన్నేళ్లు వార్డులో చేసి, నర్స్ ప్రాక్టీషనర్‌కో, మత్తు నర్సు కోర్సుకో వెళ్లాలనేది వీళ్లలో చాలామంది ఆలోచన. ముప్పై ఐదేళ్ల వయసులో, ఇద్దరు పిల్లలతో, కో-సైనర్‌గా అక్కడ చుట్టం ఎవరూ లేకుండా చదువు మొదలుపెట్టేవాళ్లు వీళ్లు. గ్రాడ్ ప్లస్ లేకపోవడం వీళ్లకే ఎక్కువ తెలుస్తుంది.

సీటు వచ్చినవాళ్లు కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును మూడు విషయాలు రాతపూర్వకంగా అడగడం మంచిది. మా కోర్సు ఏ సీఐపీ కోడ్ కింద ఉంది? 2026 జూలై తర్వాత మమ్మల్ని ఏ వరుసలో చూస్తారు? కోర్సుకు కాలేజీ సొంతంగా ఇంకా తక్కువ లిమిట్ ఏమైనా పెట్టిందా? మూడోది ఎందుకంటే.. ఫలానా కోర్సుకు ఇంతకు మించి ఫెడరల్ అప్పు వద్దు అని కాలేజీలే కప్పు పెట్టుకునే అధికారం కొత్త చట్టం ఇచ్చింది.

కమిటీ ముసాయిదా అంటే తుది రూల్ కాదు. దాన్ని ప్రకటించి, జనం అభిప్రాయాలు తీసుకున్నాకే ఫైనల్ చేయాలి. అందుకే నర్సుల సంఘాలు సంతకాలు సేకరిస్తున్నాయి, ప్రతినిధుల మీద ఒత్తిడి తెస్తున్నాయి. అయితే వాళ్లు గెలిచినా మారేది ఒక్కటే.. నర్సింగ్ 20,500 వరుస నుంచి 50,000 వరుసలోకి వస్తుంది. గ్రాడ్ ప్లస్ రద్దు, జీవితకాల లిమిట్, పార్ట్ టైమ్ కోత.. ఇవన్నీ చట్టంలోనే ఉన్నాయి. వాటిని మార్చాలంటే విద్యాశాఖ వల్ల కాదు, అమెరికా కాంగ్రెస్ మళ్లీ ఓటు వేయాల్సిందే.